కార్డులో డబ్బుంది, ఓటీపీ కూడా వచ్చింది... మరి గేమ్ సబ్‌స్క్రిప్షన్ ఎందుకు ఆగిపోతోంది?

ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ కావచ్చు, ప్లేస్టేషన్ ప్లస్ కావచ్చు, నెలనెలా డబ్బు కట్టి ఆడే మరో ఆట కావచ్చు. ప్లాన్ ఎంచుకుని, కార్డు నంబర్ కొట్టి, బటన్ నొక్కగానే ‘మీ చెల్లింపు పూర్తి కాలేదు, మరో పద్ధతిలో ప్రయత్నించండి’ అని వస్తుంది. చూస్తే ఖాతాలో డబ్బుంది. అదే కార్డుతో మొన్ననే అదే స్టోర్‌లో ఓ గేమ్ కొన్నారు కూడా. ఒక్కసారి కొనడానికి చెల్లిన కార్డు నెలనెలా కట్టడానికి ఎందుకు చెల్లదు?

నెట్‌లో వెతికితే ఒకరు బ్యాంకుదే తప్పంటారు, ఒకరు స్టోర్‌ను తిడతారు, ఇంకొకరు అంతా ఆర్బీఐ వల్లేనంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. చిక్కంతా ఏ సందర్భంలో ఎవరి వల్ల ఆగిందో తెలియకపోవడమే.

ఒకసారి కొనడం, నెలనెలా కట్టడం: తేడా ఎక్కడ?

గేమ్ కొనేటప్పుడు మీరు స్క్రీన్ ముందే ఉంటారు. ధర చూస్తారు, ఓటీపీ కొడతారు, అక్కడితో సరి. సబ్‌స్క్రిప్షన్‌లో మొదటి నెల ఒక్కటే అలా జరుగుతుంది. రెండో నెల నుంచి మీరు నిద్రపోతున్నా సరే, స్టోర్ నేరుగా బ్యాంకును డబ్బు అడుగుతుంది. కాబట్టి మొదటి రోజు మీరు డబ్బుతో పాటు ఒక అనుమతి కూడా ఇస్తున్నారు: ఇకపై ఇంత మొత్తం లోపు, ఇన్ని రోజులకోసారి నా ఖాతా నుంచి తీసుకోవచ్చు అని. ఈ అనుమతినే మ్యాండేట్ అంటారు.

మామూలు చెల్లింపు ఏ బ్యాంకు కార్డుతోనైనా దాదాపు ఒకేలా నడుస్తుంది. మ్యాండేట్ అలా కాదు. దాన్ని నమోదు చేసుకుని, గుర్తుపెట్టుకుని, ప్రతి నెలా మీకు ముందుగా కబురు పంపే ఏర్పాటు మీ బ్యాంకు దగ్గరా ఉండాలి, స్టోర్ వాడే పేమెంట్ సంస్థ దగ్గరా ఉండాలి. రెండిట్లో ఏ ఒక్కచోట లేకపోయినా, మొన్న గేమ్ కొన్న కార్డే ఈ రోజు చెల్లదు. కార్డులో లోపమేమీ ఉండదు.

మధ్యలో ‘వద్దు’ అనగలిగేవాళ్లు

మీరు బటన్ నొక్కాక ఆ అభ్యర్థన గేమ్ స్టోర్ నుంచి పేమెంట్ గేట్‌వేకి (స్టోర్ తరఫున చెల్లింపులు నడిపే సంస్థకు), అక్కడి నుంచి స్టోర్ తరఫు బ్యాంకుకు, తర్వాత వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్‌కు, చివరికి మీ కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. ఈ దారిలో ఎవరైనా కాదనవచ్చు.

మీ బ్యాంకు కాదంటే ఆ జవాబు ఒక రెండంకెల కోడ్ రూపంలో వెనక్కి వెళ్తుంది. 51 అంటే బ్యాలెన్స్ చాలలేదు. 54 అంటే కార్డు గడువు తీరింది. 57 అంటే ఈ రకం లావాదేవీకి ఈ కార్డుకు అనుమతి లేదు. 61 అంటే లిమిట్ దాటింది. అన్నిటికన్నా విసుగు పుట్టించేది 05. ఒప్పుకోవడం లేదు అనడమే తప్ప ఎందుకో చెప్పదు. ఇన్ని రకాల జవాబులున్నా స్టోర్ మీకు చూపించేది మాత్రం ఒకే వాక్యం: చెల్లింపు పూర్తి కాలేదు.

కావాలనే దాస్తారా అంటే, కొంతవరకు అవును. దొంగిలించిన కార్డు నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి మోసగాళ్లు తరచూ చిన్న మొత్తాల డిజిటల్ కొనుగోళ్లనే వాడతారు. గడువు తప్పు, నంబర్ మాత్రం సరైనదే అని స్టోర్ చెబితే వాళ్ల పని సగం అయిపోయినట్టే. ఈ జాగ్రత్త అర్థం చేసుకోదగ్గదే. కానీ దాని ఫలితం ఇంకోలా ఉంటుంది. కారణం తెలియని నిజమైన కొనుగోలుదారు అదే కార్డును ఐదు నిమిషాల్లో నాలుగైదుసార్లు ప్రయత్నిస్తాడు. బ్యాంకు కంప్యూటర్‌కు అది అచ్చం మోసగాడి ప్రవర్తనలాగే కనిపిస్తుంది. అప్పటిదాకా చిన్న లిమిట్ సమస్యగా ఉన్నది కాస్తా కార్డు తాత్కాలికంగా బ్లాక్ అయ్యేదాకా పోతుంది.

2021 అక్టోబర్ 1న ఏం మారింది?

ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ, అంటే ఇప్పుడు మనం ఓటీపీగా ఎరిగినది, మన దేశంలో 2009 ఆగస్టు నుంచే తప్పనిసరి. అమెరికాలో అలా కాదు. కార్డు వివరాలు ఒకసారి ఇస్తే స్టోర్ వాటిని దాచుకుని ప్రతి నెలా చడీచప్పుడు లేకుండా డబ్బు తీసుకోవడం అక్కడ మామూలు. ప్రపంచమంతా నడిచే గేమ్ సబ్‌స్క్రిప్షన్లు ఆ అలవాటు మీదే పుట్టాయి. మన ఓటీపీ పద్ధతికీ దానికీ మొదటి నుంచీ పొసగలేదు.

ఈ రెండిటినీ కలపడానికి ఆర్బీఐ 2019 ఆగస్టు 21న ఈ-మ్యాండేట్ నిబంధనలు తెచ్చింది. అనుమతి నమోదు చేసేటప్పుడు ఓటీపీ ఉండాలి. తర్వాత ప్రతిసారీ డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. అది చూసి అతను ఆ నెల చెల్లింపును గానీ, మొత్తం మ్యాండేట్‌ను గానీ ఆపుకోగలగాలి. ఈ సౌకర్యానికి ఖాతాదారు దగ్గర రుసుము తీసుకోకూడదు. ఓటీపీ లేకుండా సాగే మొత్తానికి మొదట పెట్టిన హద్దు రూ. 2,000. అది 2021 జనవరి నుంచి రూ. 5,000 అయింది, 2022 జూన్‌లో రూ. 15,000కు పెరిగింది. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లులకు 2023 డిసెంబర్‌లో లక్ష రూపాయల దాకా పెంచారు. గేములు మాత్రం రూ. 15,000 గీత దగ్గరే ఉన్నాయి.

బ్యాంకులు సిద్ధంగా లేవని, వీటి అమలుకు పెట్టిన 2021 మార్చి గడువును ఆరు నెలలు పొడిగించారు. అక్టోబర్ 1న అమల్లోకి వచ్చేసరికి కూడా చాలామంది సిద్ధం కాలేదు. కొత్త పద్ధతిలోకి మారని పాత ఆటో చెల్లింపులన్నీ ఆగిపోయాయి. సరిగ్గా ఏడాది తర్వాత, 2022 అక్టోబర్ 1 నుంచి ఇంకో మార్పు వచ్చింది. స్టోర్లు కార్డు నంబర్‌ను తమ దగ్గర దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ అనే మారు సంఖ్యను మాత్రమే ఉంచుకోవాలి.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. గుంటూరులో డిగ్రీ చదివే కుర్రాడు మార్చి 5న నెలకు రూ. 699 ప్లాన్ తీసుకుని ఓటీపీతో మ్యాండేట్ ఇచ్చాడు. ఏప్రిల్ 4కల్లా బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది: ఫలానా సంస్థ రేపు రూ. 699 తీసుకోబోతోంది అని. అతను ఏమీ చేయకపోతే 5న ఓటీపీ అడగకుండానే డబ్బు కట్ అవుతుంది. ఇప్పుడు స్టోర్ ధరను రూ. 999 చేసిందనుకోండి. మొదట్లో అతను సరిగ్గా రూ. 699కే మ్యాండేట్ ఇచ్చి ఉంటే కొత్త ధర అందులో పట్టదు, చెల్లింపు ఫెయిల్ అవుతుంది. అదే రూ. 1,500 లోపు ఎంతైనా అని ఇచ్చి ఉంటే, మెసేజ్‌లో కొత్త అంకె కనిపించి చెల్లింపు సాగిపోతుంది. రూ. 150 ప్లాన్‌కు మ్యాండేట్ పేజీలో ‘రూ. 15,000 వరకు’ అని చూసి చాలామంది హడలిపోయి వెనక్కి వచ్చేస్తారు. అది కట్ అయ్యే మొత్తం కాదు, గరిష్ఠ హద్దు. అయినా అంత పెద్ద హద్దు అడగాల్సిన అవసరం స్టోర్‌కు ఏముంది అన్న ప్రశ్న న్యాయమైనదే.

విదేశీ స్టోర్, మన కార్డు

చాలా గేమ్ స్టోర్లు ధరను రూపాయల్లో చూపించినా డబ్బు చేరేది విదేశీ కంపెనీ ఖాతాకు. బ్యాంకు దృష్టిలో అది అంతర్జాతీయ లావాదేవీ. 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే, లేదా పాతదాని బదులు ఇచ్చే కార్డులన్నీ దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల స్వైపింగ్ మెషీన్లలో మాత్రమే పనిచేసేలా వస్తాయి. ఆన్‌లైన్, అంతర్జాతీయ వాడకాలను ఖాతాదారే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. అంతర్జాతీయ వాడకం ఆఫ్‌లో ఉంటే ఇందాక చెప్పుకున్న 57 లాంటి జవాబు వెళ్తుంది. ఇక రూపే కార్డు అయితే, స్టోర్ ఆ నెట్‌వర్క్‌ను తీసుకోకపోతే కథ అక్కడితో ముగిసినట్టే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. విదేశీ స్టోర్‌లో ఒకసారి చేసే కొనుగోలు చాలాకాలంగా తరచూ ఓటీపీ లేకుండానే జరిగిపోతోంది, ఎందుకంటే అక్కడి గేట్‌వేలు చాలావరకు దాన్ని అడగవు. కానీ ఈ-మ్యాండేట్ నిబంధనలు దేశంలోని చెల్లింపులకూ విదేశీ చెల్లింపులకూ ఒకేలా వర్తిస్తాయి. అందుకే రూ. 4,000 గేమ్ ఓటీపీ కూడా లేకుండా కొనగలిగిన చోట రూ. 500 సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుంది. మొదట్లో వేసుకున్న ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు. ఒక్కసారి చేసే విదేశీ కొనుగోళ్లలో కూడా, స్టోర్ వైపు నుంచి ధ్రువీకరణ అడిగితే చేసి చూపే ఏర్పాటు 2026 అక్టోబర్ 1 నాటికి ఉండాలని 2025 సెప్టెంబర్‌లో ఆర్బీఐ కార్డులు ఇచ్చే సంస్థలను ఆదేశించింది.

డాలర్లలో కట్టాల్సి వస్తే లెక్క ఇంకాస్త మారుతుంది. నెలకు 15 డాలర్ల ఆట, డాలర్ రూ. 88 అనుకుందాం. అసలు రూ. 1,320. దాని మీద బ్యాంకు 3.5 శాతం ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలోకి మార్చినందుకు తీసుకునే రుసుము, వేస్తే రూ. 46.20. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ రూ. 8.32. మొత్తం దాదాపు రూ. 1,375. లెక్కేసుకుని ఖాతాలో సరిగ్గా రూ. 1,350 ఉంచినవాడికి బ్యాలెన్స్ చాలలేదని వస్తే ఆశ్చర్యమేం లేదు. ధర రూపాయల్లోనే ఉన్నా, అవతలిది విదేశీ సంస్థ అయితే కొన్ని బ్యాంకులు అదనపు రుసుము వేస్తాయి.

హైదరాబాద్ కార్డు, డాలస్ చిరునామా

మన కుటుంబాల్లో తరచూ ఎదురయ్యే మరో చిక్కు ఇది. అబ్బాయి డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు, గేమ్ ఖాతా అమెరికాలో తెరిచాడు, కార్డు మాత్రం హైదరాబాద్‌లో ఉన్న నాన్నది. అమెరికా స్టోర్లు కార్డు చిరునామాను సరిచూసే పద్ధతి ఒకటి వాడతాయి. ఇంటి నంబర్‌లోని అంకెలు, జిప్ కోడ్ బ్యాంకు దగ్గరున్న వివరాలతో కలుస్తున్నాయా అని చూస్తాయి. అమెరికాలో జిప్ ఐదంకెలు, మనకు పిన్ కోడ్ ఆరంకెలు. పైగా ఈ సరిచూపు ప్రధానంగా అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో నడిచేది. మన బ్యాంకు నుంచి జవాబు రాకపోతే స్టోర్ దాన్ని అనుమానంగా తీసుకోవచ్చు. ఓటీపీ వెళ్లేది నాన్న ఫోన్‌కు. అక్కడ సాయంత్రమైతే ఇక్కడ తెల్లవారుజాము. ఆయన లేచి చూసేసరికి దాని గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.

చదువు ముగించుకుని తిరిగొచ్చినవాళ్ల సంగతి దీనికి తలకిందులు. ఖాతా అమెరికాది, కార్డు ఇప్పుడు ఇక్కడిది. గిఫ్ట్ కార్డులకూ సాధారణంగా దేశం హద్దు ఉంటుంది. రూపాయల కోడ్ డాలర్ ఖాతాలో ఎక్కదు. ధరలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి, తక్కువ ధర ఉన్న దేశం పేరుతో కొనేవాళ్లను ఆపడానికి స్టోర్లు ఈ గోడ కట్టుకున్నాయి. నిజంగానే దేశం మారినవాళ్లు కూడా ఆ గోడకే గుద్దుకుంటున్నారు.

యూపీఐ ఆటోపే ఎంతవరకు దారి చూపింది?

2020 జులైలో, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ యూపీఐ ఆటోపే తెచ్చింది. యూపీఐ ద్వారా నెలనెలా కట్టడానికి ఇచ్చే మ్యాండేట్ ఇది. 2022 నవంబర్‌లో గూగుల్ ప్లే సబ్‌స్క్రిప్షన్లకు దాన్ని చేర్చింది. ఆపిల్ అదే ఏడాది యాప్ స్టోర్‌లో భారతీయ కార్డులు తీసుకోవడమే మానేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, ముందే డబ్బు వేసుకునే ఆపిల్ ఖాతా బ్యాలెన్స్‌లను మిగిల్చింది. కార్డు నంబర్, చిరునామా, అంతర్జాతీయ వాడకం లాంటి బెడదలు యూపీఐలో లేవు. ఇచ్చిన అనుమతులన్నీ యూపీఐ యాప్‌లోనే ఒకచోట కనిపిస్తాయి, అక్కడే రద్దు చేసుకోవచ్చు.

అయితే స్టోర్ యూపీఐ తీసుకున్నంత మాత్రాన ఆటోపే కూడా ఉంటుందని కాదు. ఈ రెండూ వేర్వేరు ఏర్పాట్లు. గేమ్ కొనే పేజీలో కనిపించిన యూపీఐ గుర్తు సబ్‌స్క్రిప్షన్ పేజీలో మాయమయ్యేది అందుకే. ఇంకో సంగతి, 2025 ఆగస్టు నుంచి ఆటోపే డెబిట్లు రద్దీ వేళల్లో జరగవు. ఉదయం 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9.30 తర్వాత మాత్రమే నడుస్తాయి. పగలు 11కు ఖాతాలో డబ్బుండి, రాత్రి 10కి లేకపోతే చెల్లింపు ఫెయిల్ అవుతుంది. మొదటి ప్రయత్నం తర్వాత మరో మూడుసార్లు ప్రయత్నించే వీలుంది.

మ్యాండేట్ గొడవే వద్దనుకునేవాళ్లు స్టోర్‌లోని తమ వ్యాలెట్‌లో ముందే డబ్బు వేసుకుని అందులోంచి కడతారు. డబ్బు వేయడం ఒక్కసారి చెల్లింపు కాబట్టి సాఫీగా సాగుతుంది. కాకపోతే వాడని డబ్బు అక్కడే ఉండిపోతుంది.

డబ్బు కట్ అయింది, ఆట మాత్రం తెరుచుకోలేదు

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఇందులోనూ మూడు రకాలున్నాయి. మొదటిది హోల్డ్: కార్డు నిజమైనదో కాదో చూడటానికి ఒకటి రెండు రూపాయలో, కొన్నిసార్లు మొత్తం ధరో పక్కన పెట్టి ఉంచుతారు. స్టోర్ దాన్ని తీసుకోకపోతే కొన్ని రోజుల్లో దానంతటదే విడుదలవుతుంది. రెండోది, ఖాతాలో డబ్బు తగ్గింది కానీ చెల్లింపు జరిగినట్టు స్టోర్‌కు సమాచారం అందలేదు. దీనికి 2019 సెప్టెంబర్ 20న ఆర్బీఐ పెట్టిన గడువు ఉంది. లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లోపు డబ్బు తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు రూ. 100 పరిహారం, అదీ ఖాతాదారు అడగకుండానే. జనవరి 5న కట్ అయిన డబ్బు 10 లోపు రావాలి. 14న వచ్చిందంటే నాలుగు రోజుల ఆలస్యానికి రూ. 400 రావాలన్నమాట.

మూడోది స్టోర్‌కు డబ్బు చేరాక కూడా సబ్‌స్క్రిప్షన్ మొదలు కాకపోవడం. పైన చెప్పిన గడువు దీనికి వర్తించదు. బ్యాంకు లెక్కలో ఆ చెల్లింపు విజయవంతమైంది, కాబట్టి మాట్లాడాల్సింది స్టోర్‌తోనే. బ్యాంకును అడిగితే స్టోర్ వైపు, స్టోర్‌ను అడిగితే బ్యాంకు వైపు చూపించే పరిస్థితి ఎక్కువగా రెండోదానికీ మూడోదానికీ తేడా తేలనప్పుడే వస్తుంది.

నిబంధనలు మేలు చేశాయా, చిక్కు తెచ్చాయా?

మేలేననేవాళ్ల వాదన బలమైనదే. ఒక నెల ఉచితం అని చూసి కార్డు ఇచ్చి, మర్చిపోయి, ఏడాది పాటు డబ్బు కట్టినవాళ్లు ఎంతోమంది. చేరడం ఒక్క క్లిక్, బయటపడటం పది పేజీలు అన్నట్టుండే ఏర్పాటును కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. 24 గంటల ముందు వచ్చే మెసేజ్ దానికి మంచి విరుగుడు. పిల్లల చేతిలో ఫోన్ ఉన్న ఇంట్లో దాని విలువ ఇంకా ఎక్కువ.

చిక్కేననేవాళ్లు చెప్పేదీ తోసిపుచ్చలేం. పెద్ద కంపెనీలు ఇంజినీర్లను పెట్టి మార్పులు చేసుకోగలవు. ఒక చిన్న స్టూడియో ఒక్క దేశం కోసం వేరే చెల్లింపు ఏర్పాటు కట్టుకోవడం కష్టం. ఆపిల్ లాంటి సంస్థే కార్డులను వదిలేసుకుందంటే మిగతావాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. పేరున్న స్టోర్‌కూ అనుమానాస్పద స్టోర్‌కూ ఒకే నియమం ఎందుకన్నది వాళ్ల ప్రశ్న.

నాకు నియమం కన్నా దాని అమలే ఎక్కువ ఇబ్బందిగా కనిపిస్తుంది. ‘మీ బ్యాంకులో ఈ స్టోర్‌కు మ్యాండేట్ ఇచ్చే ఏర్పాటు లేదు’ అని చెబితే ఏ మోసగాడికీ లాభం లేదు, కొనుగోలుదారుకు మాత్రం అరగంట మిగులుతుంది. ఆ పాటి వివరం ఇవ్వమని స్టోర్లను ఎవరూ గట్టిగా అడగడం లేదు.

డబ్బు పందెం ఆటల చట్టంతో కలిసిన కొత్త అయోమయం

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించాక మరో అనుమానం మొదలైంది: గేములకు డబ్బు కట్టడమే నిషేధమా? కాదు. నిషేధం డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల మీద. అలాంటి ఆటలకు చెల్లింపులు జరపకూడదని బ్యాంకులకూ పేమెంట్ సంస్థలకూ ఆ చట్టం చెబుతోంది. తెలుగు రాష్ట్రాలకు ఇది మరీ కొత్త కాదు. ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించాయి. పందెం లేని ఆటలకు సబ్‌స్క్రిప్షన్ రుసుము తీసుకోవచ్చని కేంద్ర చట్టంలోనే ఉంది. ఈ-స్పోర్ట్స్ పోటీలకు ప్రవేశ రుసుము, ప్రతిభకు నగదు బహుమతి కూడా ఉండవచ్చు.

అయితే బ్యాంకు కంప్యూటర్ చట్టాన్ని చదివి నిర్ణయం తీసుకోదు. ప్రతి వ్యాపారికీ నాలుగంకెల వర్గం కోడ్ ఒకటి ఉంటుంది. డిజిటల్ గేములకు 5816, పందేలకు 7995. 7995 కనిపిస్తే చాలా బ్యాంకులు వెంటనే ఆపేస్తాయి. 5816 మామూలుగా సాగిపోతుంది. నెలవారీ రుసుముతో పాటు నగదు బహుమతుల టోర్నమెంట్లు కూడా నడిపే వేదికకు ఏ కోడ్ ఇవ్వాలన్నది దాని తరఫు బ్యాంకు తేల్చాల్సిన విషయం. అది 7995 వైపు మొగ్గితే, టోర్నమెంట్ జోలికే వెళ్లకుండా కేవలం సబ్‌స్క్రిప్షన్ కోసం వచ్చినవాడి చెల్లింపు కూడా ఆగిపోతుంది.